జ్వరాల లెక్కల మేడం

మేడం చనిపోయిన వారంలో, ఆమె దగ్గర చదువుకున్న వాళ్లం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. సిరిసిల్లవాడు ఫోనెత్తగానే, "అరే కథలాపూర్, ఎట్లున్నవ్?" అన్నాడు. నా పేరు అది కాదు. వాడి పేరూ సిరిసిల్ల కాదు. మేడం మమ్మల్ని ఊరి పేరుతో తప్ప పిలవలేదు. హాజరు వేసేటప్పుడు మాత్రం పుస్తకంలో ఉన్న పేరు చదివేవారు, అదీ ఎవరో పరాయివాళ్లను పిలిచినట్టు. తలెత్తి చూశాక మళ్లీ మేం గంభీరావుపేట, కథలాపూర్, సిరిసిల్ల అయిపోయేవాళ్లం.

"పేరెందుకు పిలవరు మేడం?" అని ఒకసారి అడిగాను.

"మనిషి ఏడికెల్లి వస్తున్నడో, ఏడికి పోతున్నడో తెలిస్తెనే గద జ్వరం తొవ్వ దొరికేది. నీ పేరుతోని నాకేం పని?" అన్నారు.

జగిత్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో ఆమె మాకు స్టాటిస్టిక్స్ చెప్పేవారు. ఇల్లు కోరుట్లలో. తల్లి, తమ్ముడు, ఆమె. ఇంట్లో ఉర్దూ, కళాశాలలో తెలుగు, కోపమొస్తే రెండూ కలిసి వచ్చేవి. పొట్టి మనిషి. తల మీది దుపట్టా ఎప్పుడూ జారుతుండేది, చేతిలో ఎండా వానా తేడా లేకుండా గొడుగు ఉండేది. ఆ గొడుగు ఆమెకు నీడ ఇచ్చిన దానికంటే గీతలు గీయడానికే ఎక్కువ పనికొచ్చింది. బస్సు కోసం నిలబడినా సరే, మాటల మధ్యలో గొడుగు మొనతో మట్టిలో ఒక వంపు గీసేవారు. మెల్లగా లేచి, నిట్టనిలువుగా ఎగబాకి, వంగి కిందికి దిగే గీత. "గిది జ్వరం. గీ ఎక్కుడు కాడ పట్టుకోవాలె. దిగేటప్పుడు పట్టుకున్నమని చెప్పుకునేటోళ్లు మస్తు మంది ఉంటరు" అనేవారు.

మా ప్రాంతమంతా చికున్‌గున్యాతో మంచాన పడిన ఏడాది ఆమె కూడా పడ్డారు. జ్వరం పోయింది కానీ మోకాళ్ల నొప్పి పోలేదు. బస్సు ఎక్కేటప్పుడు ముందు ఎడమకాలు పెట్టి, కడ్డీ పట్టుకుని, ఒక్క క్షణం ఆగి ఎక్కేవారు. ఆ మంచం మీదే ఆమెకు ఈ పిచ్చి పట్టుకుంది. పక్క గల్లీలో మొదలైన జ్వరం తమ గల్లీకి ఎట్లా వచ్చింది, ఎదురు గల్లీని ఎందుకు వదిలింది? అంతదాకా పరీక్షల కోసం చెప్పిన లెక్కలను ఆమె అప్పుడు జ్వరం మీదికి తిప్పారు. దొరికిన పుస్తకాలు తెప్పించుకుని చదివారు. అర్థం కానివి ఎవరెవరికో ఉత్తరాలు రాసి అడిగారు. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టారు.

ఆమెతో మాట్లాడటం అంత సులువు కాదు. ఏ మాటన్నా వెంటనే "ఎంత?" అని పడేది. "మా ఊర్ల చానమందికి జ్వరాలున్నయి మేడం." "ఎంతమందికి?" "కొంచెం లేటయింది మేడం." "ఎంత?" కళాశాల ముందు టీ అమ్మే మల్లన్న "చక్కెర తక్కువేసిన మేడం" అంటే "ఎంత తక్కువ?" అని అడిగి, అతను చెంచా ఎత్తి చూపించేదాకా గ్లాసు అందుకునేవారు కాదు. అతను దానికి నవ్వేవాడు. మేం మాత్రం కొన్నాళ్లు హడలిపోయి, తర్వాత మాకు తెలియకుండానే ఇంట్లో మా అమ్మలను అట్లా అడగడం మొదలుపెట్టి తిట్లు తిన్నాం.

కంప్యూటర్ గదిలో సగం కంప్యూటర్లు పనిచేసేవి కావు. పనిచేసేవాటికి కరెంటు ఉండేది కాదు. ఒక మధ్యాహ్నం అట్లాగే కరెంటు పోతే మేం లేచి వెళ్లబోయాం. మేడం సంచిలోంచి గుప్పెడు గవ్వలు తీశారు. పచ్చీసు ఆడే గవ్వలు. నేల మీద సుద్దముక్కతో ఊళ్లు గీశారు. ఒక్కో ఊళ్లో కొన్ని చింతగింజలు, అంటే మనుషులు. ఒక గింజకు జ్వరం వచ్చిందనుకుని గవ్వలు వేయమన్నారు. వెల్లకిలా పడ్డ గవ్వలెన్నో, అంతమందికి ఆ జ్వరం అంటినట్టు. వాళ్లలో ఒక్కొక్కరి కోసం మళ్లీ గవ్వలు.

"ఒక జ్వరం ఎంతమంది పిల్లలను కంటది అన్నదే లెక్క. ఒక్కని కంటె ఎక్కువ కంటే వంశం పెరుగుతది. తక్కువ కంటే ఆరిపోతది" అన్నారు.

మొదటి ఆటలో సిరిసిల్లవాడు వేసిన గవ్వలన్నీ బోర్లా పడ్డాయి. జ్వరం అక్కడికక్కడే ఆగిపోయింది. రెండో ఆటలో నేను వేస్తే ఊళ్లన్నీ నిండిపోయాయి. అవే గవ్వలు, అవే ఊళ్లు. సాయంత్రం దాకా ఆడుతూనే ఉన్నాం. ప్రతిసారీ కథ మారింది.

"సమజైందా? రేపు గింతమందికే వస్తదని ఒక్క అంకె చెప్పేటోన్ని నమ్మకుండ్రి. ఇంత నుంచి ఇంత దాక రావొచ్చు, ఎందుకంటె గిందుకు అని చెప్పేటోడు మనోడు" అన్నారు మేడం. పాఠం అయ్యాక ఎప్పటిలాగే తాను వేసిన లెక్కను బోర్డు మీద వదిలి, "ఇగ తప్పు తీయుండ్రి" అని వెనక బెంచీలో పోయి కూర్చున్నారు. ఎవరైనా తప్పు పట్టుకుంటే ఆమె ముఖం వెలిగిపోయేది. అట్లాంటి పంతులమ్మను నేను అంతకుముందు చూడలేదు.

సకల జనుల సమ్మె వచ్చినప్పుడు మేం రెండో సంవత్సరంలో ఉన్నాం. బస్సులు ఆగిపోయాయి. బడులు, కళాశాలలు, కచేరీలు మూతపడ్డాయి. రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే బతుకమ్మలు. మేడం మమ్మల్ని ఊరేగింపులకు వెళ్లవద్దని ఎన్నడూ అనలేదు. తమ్ముడి ఆటోలో జగిత్యాల వచ్చి, తాను కూడా సమ్మె డేరాలో కూర్చునేవారు. కూర్చున్న చోటే పక్కవాళ్లను ఇంట్లో జ్వరాలున్నాయా అని అడిగేవారు. డేరాలో పెద్దమనిషి ఒకాయనకు చిరాకేసింది.

"మేడం, రాష్ట్రం కోసం కొట్లాడుతుంటె గిప్పుడు దోమల ముచ్చట ఏంది?"

"దోమకు సమ్మె లేదు గద అన్నా" అన్నారు మేడం.

అది డెంగీ కాలం. దోమ దూరం ఎగరదు, జ్వరాన్ని ఊరి నుంచి ఊరికి మోసేది మనిషే. బస్సుల్లేవు కాబట్టి కోరుట్ల, జగిత్యాల వైపు ఉన్న జ్వరం అక్కడే ఉంటుందని, సిరిసిల్ల వైపు పెద్దగా పెరగదని మేడం అంచనా కట్టారు. మేమంతా తప్పులు తీశాం. మాకేమీ దొరకలేదు. జ్వరాల పని చూసే అధికారి ఒకరు ఆ లెక్క అడిగి తెప్పించుకున్నారు. ఆయన దగ్గర మనుషులు తక్కువ. సిరిసిల్ల వైపు తిరుగుతున్న దోమల నివారణ బృందాన్ని లెక్క ప్రకారం కోరుట్ల వైపు మళ్లించారు. మా లెక్కను ఒక అధికారి పట్టించుకున్నాడని మేం పొంగిపోయాం.

కొన్నాళ్లకు సిరిసిల్లవాడి ఫోన్ వచ్చింది. వాళ్ల గల్లీలో ఇంటికొకరు పడ్డారు. వాడి చెల్లెలు కరీంనగర్ ఆసుపత్రిలో ఉంది, రక్తకణాలు పడిపోతున్నాయి. మేడం ఆ పొద్దే తమ్ముడి ఆటోలో బయలుదేరారు. కథలాపూర్ దారిలోనే కాబట్టి నన్నూ ఎక్కించుకున్నారు. రుద్రంగి దాటాక రోడ్డుకు అడ్డంగా మొద్దులు పెట్టి యువకులు ఆటో ఆపారు. ఎవరు, ఎక్కడికి అన్నారు. మేడం దిగి గొడుగు ఊతంగా నిలబడి, "జై తెలంగాణ. సిరిసిల్లల జ్వరాలు లేసినయి, పోతున్న. మీ ఊర్ల ఎట్లున్నది?" అన్నారు. ఒకడు తన అవ్వకు జ్వరమని చెప్పాడు. మేడం అతన్ని పక్కకు తీసుకుని, ఎప్పటి నుంచి, ఎక్కడికి పోయొచ్చింది అని అడిగి, ఆసుపత్రికి ఎప్పుడు తీసుకుపోవాలో చెప్పారు. మొద్దులు జరిగాయి.

సిరిసిల్లలో అడుగుపెట్టగానే నాకు ఒక కొరత తోచింది. చప్పుడు లేదు. ఎప్పుడూ సాంచల, అంటే మరమగ్గాల మోతతో ఊగిపోయే గల్లీలు నిశ్శబ్దంగా ఉన్నాయి. బొగ్గు గనులూ సమ్మెలో ఉండటంతో కరెంటు లేదు, కరెంటు లేక మగ్గాలు లేవు. సిరిసిల్లవాడు ఇంటి ముందే నిలబడి ఉన్నాడు. మమ్మల్ని లోపలికి రమ్మనలేదు.

"మీ లెక్క నమ్మి ఇంట్ల భయం లేదని నేనే చెప్పిన మేడం" అన్నాడు. "మా అమ్మ చెల్లెకు జ్వరమొచ్చిందంటె ఏం కాదని నేనే చెప్పిన."

మేడం తలుపు గడప దగ్గరే ఆగి, లోపలున్న వాళ్ల అమ్మకు వినబడేటట్టు అన్నారు: "తప్పు నీది కాదు బేటా. లెక్క నాది. తప్పింది."

తర్వాత ఇల్లిల్లూ తిరిగాం. తప్పు ఎక్కడ జరిగిందో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. కరెంటు లేక పంపులు నడవక నల్లా ఎప్పుడో గాని రావడం లేదు. వచ్చిన రోజు ప్రతి ఇల్లూ ఉన్న డ్రమ్ములన్నీ నింపి పెట్టుకుంటోంది. మూతల్లేవు. నీళ్లలో పురుగులు గిలగిలలాడుతున్నాయి. ఈ దోమ పగలు కుడుతుంది, పగలు సాంచల కాడ ఉండే మనుషులేమో ఇప్పుడు ఇళ్లల్లోనే ఉన్నారు.

మేడం మోకాళ్లు పట్టుకుని ఒక అరుగు మీద కూర్చున్నారు. "బస్సులు చూసిన. కరెంటు చూడలే. సమ్మె బస్సుల్నే ఆపుతదనుకున్న" అన్నారు. కాసేపటికి లేచారు. "నడువు కథలాపూర్. తెలిసినంక కూసుండొద్దు."

సిరిసిల్ల సమ్మె డేరాలో మైకు అడిగి తీసుకున్నారు. నేత పనివాళ్లు, సాంచలు నడిపించే ఆసాములు, ఆడవాళ్లు నిండి ఉన్నారు. ఆమె ఉపన్యాసం చాలా చిన్నది.

"నేను కోరుట్ల నుంచి వచ్చిన. లెక్కల టీచర్ను. మీ ఊర్ల జ్వరం పెరగదని చెప్పిన. తప్పు చెప్పిన. మీ డ్రమ్ములల్ల దోమలు పెరుగుతున్నయి. నీళ్లు పారబోయుమంటె పారబోయరు, నాకు తెలుసు, దొరకక దొరకక దొరికిన నీళ్లు. మూతి కట్టుండ్రి. బట్ట నేసేటోళ్లకు బట్ట గురించి నేను చెప్పాల్నా?"

ఆగిపోయిన సాంచల మీద సగం నేసిన బట్ట అట్లాగే ఉంది. వెనక నుంచి ఒక ముసలి ఆసామి లేచి, "నా సాంచ మీదున్నది కోసుకపోండ్రి. మల్ల కరెంటు ఎప్పుడొస్తదో" అన్నాడు. ఆ సాయంత్రానికి ఆ గల్లీలో డ్రమ్ములన్నిటికీ తెల్లబట్ట తలపాగాలు చుట్టుకున్నాయి. ఆడవాళ్లే పక్క గల్లీలకు పట్టుకుపోయారు.

అధికారి దగ్గరికి కూడా వెళ్లాం. ఆయనకు కోపం వచ్చింది, రావలసిందే. "మీరు చెప్తెనే గద మేడం బృందాన్ని పంపింది?" అన్నారు.

"చెప్పిన సార్. తప్పయింది. గిప్పుడు వేరే చెప్తున్న."

"ఇది గూడ తప్పు కాదని ఏం గ్యారంటీ?"

"లేదు సార్. నన్ను నమ్మకుండ్రి. వచ్చి ఒక్క గల్లీ చూడుండ్రి."

ఆయన వచ్చారు. చూశారు. బృందం తిరిగొచ్చింది. సిరిసిల్లవాడి చెల్లెలు కోలుకుని ఇంటికి చేరింది, జ్వరాలు మెల్లమెల్లగా తగ్గాయి. బట్ట కట్టడం వల్లే తగ్గాయని ఊరంతా చెప్పుకుంటుంటే మేడం ఒప్పుకోలేదు. "వానలు ఆగినయి, కరెంటు వచ్చింది, బట్ట కట్టిండ్రు. గిండ్ల బట్ట వల్ల ఎంత? తెలుసా? తెల్వకుంటె తెలుసుకోవాలె." అట్లా మా మొదటి పరిశోధన మొదలైంది. కట్టిన ఇళ్లు, కట్టని ఇళ్లు, కట్టి విప్పిన ఇళ్లు. సిరిసిల్లవాడు అందరికంటే ఎక్కువ ఇళ్లు తిరిగాడు. మేడంతో వాడు మళ్లీ ఎప్పుడు మాట్లాడాడో నాకు తెలియదు. ఒకరోజు చూస్తే ఇద్దరూ ఒకే బజ్జీల పొట్లం మీద వాదించుకుంటున్నారు.

సమ్మె ముగిశాక హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ నుంచి శాస్త్రవేత్త ఒకాయన వచ్చారు. మంచివాడే. మేం సేకరించిన సమాచారం ఇస్తే తమ కంప్యూటర్లలో జ్వరం ఎట్లా పాకుతుందో లెక్కగట్టే నమూనా తయారు చేస్తామని, తమ పరిశోధన పత్రంలో కృతజ్ఞతలు చెప్తామని అన్నారు.

"కృతజ్ఞతలు వద్దు సార్" అన్నారు మేడం. "సమాచారంతోని ఇద్దరు పిల్లలను గూడ తీసుకపోండ్రి. నమూనా కట్టుడు నేర్పి పంపుండ్రి."

ఆయన ఇబ్బందిగా నవ్వారు. "పిల్లలకు అంత ఇంగ్లీషు..."

"ఎంత కావాలె?"

ఆయన ముందున్న కాగితాలు సర్దుకున్నారు. మేడం గొంతు తగ్గించి అన్నారు: "రోడ్ల మీద మంది ఏమంటున్నరు సార్? మాది మాకు కావాలె అంటున్నరు. మా జ్వరాల లెక్క గూడ మాకే రావాలె. మీరు ఏడ ఉంటరు, కరెంటు పోయి డ్రమ్ములు నింపుకుంటున్నరని మీకెట్ల తెలుస్తది? ఈడ ఉండి గూడ నేనే పోల్చుకోలే."

ఆ ఇద్దరిలో నేనొకదాన్ని, రెండోవాడు సిరిసిల్ల. మా బాపు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. ఆడపిల్లను పట్నం పంపనన్నాడు. మేడం మా ఇంటికి వచ్చి నులక మంచం మీద కూర్చున్నారు.

"గీ దోమల లెక్క నేర్చుకుంటె నౌకరొస్తదా మేడం?" అన్నాడు బాపు.

"తెల్వది అన్నా. గీ పని వచ్చినోళ్లు మన దేశంల శాన తక్కువ. కొత్త కొత్త రోగాలైతె వస్తయి. గంతవరకే నాకు తెలుసు."

బాపు చేతిలోని మోకు సరిచేసుకున్నాడు. "లొట్టి నిండిందో లేదో చెట్టెక్కినంకనే గద తెలిసేది. పోనీయుండ్రి" అన్నాడు.

వెళ్లాను. మొదటి నెలల్లో ఏమీ అర్థం కాక ఏడుస్తూ ఫోన్ చేస్తే, "ఎక్కడ దాక అర్థమైంది? గక్కడ నిలబడు. ఇంకో అడుగు రేపు" అనేవారు. నిలబడ్డాను. అదే నా బతుకైంది. రాష్ట్రం వచ్చింది. వానలు, ఎండలు, మనుషుల రాకపోకలు అన్నీ కలిపి అంచనా కట్టే పెద్ద పెద్ద నమూనాల మీద పనిచేశాను. కరోనా వచ్చినప్పుడు ఇంతకాలం మా పనేమిటో తెలియనివాళ్లంతా మమ్మల్ని అంకె అడిగారు. ఇంత నుంచి ఇంత దాకా అని చెప్పి తిట్లు తిన్నాను. నాకేమీ అనిపించలేదు.

ఆ తర్వాత ఒకసారి కోరుట్ల వెళ్లాను. మోకాళ్లు పూర్తిగా మొరాయించి మేడం ఇంటికే పరిమితమయ్యారు. ల్యాప్‌టాప్ తెరిచి నా నమూనా అంతా చూపించాను. దుపట్టా సర్దుకుంటూ, కళ్లద్దాలు మార్చుకుంటూ, ఎంతో ఇష్టంగా చూశారు. రెండు చోట్ల తప్పు పట్టబోయి ఒక చోట పట్టారు. చివరికి అడిగారు:

"మంచిగున్నది. నువ్వు లేని నాడు దీన్ని ఎవలు నడుపుతరు?"

"ఇంకా ఎవరూ..." అన్నాను.

"రేపొచ్చే రోగం ఏందో నాకు తెల్వదు. ఎండలు ముదిరి దోమ కొత్త ఊర్లకు పోవొచ్చు. పశువుల నుంచి రావొచ్చు. గవన్నీ కష్టాలే. కని వాటికంటె పెద్ద కష్టం గిదే. చేసేటోళ్లు ఉండరు. నలుగురిని తయారు చెయ్యి."

మందలింపు లేదు ఆ మాటలో. పని అప్పజెప్పినట్టుంది. హైదరాబాదు కొలువు వదలకుండానే సిరిసిల్లలో ఒక అద్దె గది తీసుకున్నాం, సిరిసిల్లవాడూ నేనూ కలిసి. డిగ్రీ చదివిన పిల్లలకు అక్కడ జ్వరాల లెక్క నేర్పడం మొదలుపెట్టాం. ప్రతి వారం చుట్టుపక్కల మండలాలకు అంచనా కట్టి, అడిగిన అధికారులకు పంపేవాళ్లం.

మేడం ఇక లేరని తమ్ముడి ఫోన్ వచ్చింది అంచనా పంపవలసిన రోజునే. ఉదయం నేనొక ముసాయిదా వేసి పెట్టి ఉన్నాను. నా ముఖం చూసి, మా దగ్గర నేర్చుకుంటున్న ఎల్లంతకుంట అమ్మాయి లేచి వచ్చింది. "మీరు పోండ్రి మేడం. మేం చూసుకుంటం" అంది.

కోరుట్లలో ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. ముఖం చూపించారు. తెల్లబట్టలో మేడం ఇంకా పొట్టిగా కనబడ్డారు. మగవాళ్లు భుజాన ఎత్తుకుని వెళ్లాక మేడం తమ్ముడి భార్య నా చేయి పట్టుకుని, టీ తాగి పొమ్మంది. తాగాను. సిరిసిల్ల చేరేసరికి పొద్దు వాలింది. గదికి తాళం వేసి ఉంది, పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు.

తాళం తీసి, పంపిన అంచనా తెరిచాను. అది నా ముసాయిదా కాదు. పట్టణంలో నీళ్ల ట్యాంకు మరమ్మతులో ఉందని, నల్లా రోజు విడిచి రోజు వస్తోందని పిల్లలు వార్డుల్లో అడిగి తెలుసుకున్నారు. నాకా సంగతి తెలియదు. సిరిసిల్ల అంకెలు మార్చారు. కింద ఒక వాక్యం చేర్చారు: పొద్దున వేసిన అంచనాలో నీటి నిల్వను లెక్కలోకి తీసుకోలేదు, సరిచేశాం.

మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివాను. ఒక్క అక్షరం కూడా మార్చవలసింది కనబడలేదు. నేను చేయవలసిన పని ఏమీ మిగల్లేదు. కుర్చీ గోడకు ఆనించి కూర్చుని, అప్పుడు ఏడ్చాను.